మోకాళ్ళ సంగతి

లిలోంగ్వే,
జూలై 8, మంగళవారం

ప్రియమైన అమ్మమ్మకి,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: పేపరు మొదటి పేజీ నిండా మా అమ్మగారి మోకాళ్ళు. ముఖం లేదు. రెండు మోకాళ్ళు, వాటి కింద ఎర్రమట్టి, ఎదురుగా ఊరిపెద్ద గారి నల్ల బూట్లు. పైన పెద్ద అక్షరాలతో, "ఇలా వంగే మనిషి దేశాన్ని నిలబెడుతుందా?" అని.

నేను యూనివర్సిటీకి ఒక ఏడాది సెలవు పెట్టి ఈ అమ్మగారి, అంటే అనేసీ నామలోంబ గారి ప్రచారంలో చేరానని అమ్మ నీకు చెప్పే ఉంటుంది. ప్రసంగాలు రాసేది నేనే. అంటే, మొదట నేను రాస్తాను, తర్వాత జెరే గారు సగం కొట్టేస్తారు. ఆయన ప్రచార సలహాదారు. ఒక ఆడమనిషి అధ్యక్ష పదవికి నిలబడితే ఏ మాట అనాలో, ఏ రంగు కట్టాలో, ఎక్కడ నవ్వాలో ఆయన దగ్గర పెద్ద జాబితా ఉంది. ఆ జాబితాలో మోకాళ్ళ గురించి మాత్రం ఏమీ లేదు.

జరిగింది ఇదీ. మూడు వారాల క్రితం డెడ్జాలో అమ్మగారు ఊరిపెద్దకి నిలబడే నమస్కారం చెప్పి కుర్చీలో కూర్చున్నారు. జెరే గారే అలా చేయమన్నారు. సాయంత్రానికి రేడియోకి ఫోన్లు. "ఆవిణ్ణి తల్లి పెంచలేదా?" అన్నాడొకడు. మొన్న ఆదివారం సలీమాలో మరి ఎందుకొచ్చిన గొడవని మన ఆడవాళ్ళందరిలాగే మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లతో పలకరించారు. దానికి ఈ పేపరు.

పొద్దున ఆఫీసులో అందరూ అరుచుకున్నారు. అమ్మగారు ఆ ఫోటో చూసి, "నా మోకాళ్ళు ఇంత నల్లగా ఉంటాయని నాకే తెలియదు" అని టీ తాగారు. జెరే గారు నా వైపు తిరిగి, "నీది ఫలోంబే కదా? మీ అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళు పార్టీ సభల్లో ఆడవాళ్ళ నాట్యాలు నడిపిందట కదా? రాయి. మోకరిల్లాలా, వద్దా? ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు" అన్నారు.

అందుకే రాస్తున్నాను. ఫోనులో అడిగితే నువ్వు "బాగున్నా, పెట్టేయ్" అంటావు. ఉత్తరంలో అయితే తప్పించుకోలేవు. నడుముకి చుట్టుకోమని ఆడవాళ్ళకి మేం పంచబోయే చితెంజే గుడ్డ నమూనా కూడా పంపుతున్నాను. అమ్మగారి ముఖం ఎంత పెద్దగా వచ్చిందో చూడు!

నీ
తియమికే

*

ఫలోంబే,
జూలై 19

తియా తల్లికి,

ఉత్తరం అందింది. బస్సు డ్రైవరు హారను కొట్టి కొట్టి నన్ను వాకిట్లోకి రప్పించి ఇచ్చాడు. ఇక్కడ మంచు జల్లు వారం నుంచి పట్టుకుని వదలడం లేదు. మోకాళ్ళు రెండూ నాతో మాట్లాడటం మానేశాయి. నువ్వు అడిగింది కూడా వాటి గురించే.

చదవడానికి రూతి కళ్ళద్దాలు అడిగి తెచ్చుకున్నాను. పక్కింటి రూతి, నీకు తెలుసుగా, మా ఫలేసి కూతురు. ఉన్న ఒక్క జతా సాయంత్రాలు నాకే ఇస్తుంది. నేను పెట్టుకుంటే ఆ పిల్ల గుడ్డిదానిలా కందికాయలు వలుస్తుంది. పక్కనే ఉంది, నవ్వుతోంది.

ముందు గుడ్డ సంగతి. కట్టుకుని చూశాను. రూతి వెనక్కి వెళ్ళి, "పెద్దమ్మా, అమ్మగారి ముఖం సరిగ్గా నువ్వు కూర్చునే చోటికి వచ్చింది" అంది. కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది పెద్ద మగవాళ్ళ ముఖాల మీద కూర్చున్నానో లెక్క లేదు, వాళ్ళకి చెల్లింది. ఆడదాని ముఖం అయితే రెండో రోజుకే పాట కట్టేస్తారు. ముఖం తీసేయండి. అంచు చుట్టూ మీ గుర్తు వేసుకోండి, చేటే కదా మీ గుర్తు. చేట మీద ఎవరూ కూర్చోరు, ఇంట్లో అమ్మ కొడుతుందని చిన్నప్పటి నుంచి భయం.

ఇంకోటి. నాట్యం అయ్యాక ప్రసంగం మొదలుపెట్టే ముందు ఆడినవాళ్ళకి నీళ్ళు ఇప్పించు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కడూ ఇవ్వలేదు.

మోకరిల్లాలా వద్దా అంటే నాకు తెలియదు. విమానాశ్రయంలో, కాలే నేల మీద, అధ్యక్షుడి విమానం ఆలస్యమైతే గంటన్నర కూడా మోకాళ్ళ మీద ఉన్నాం. లేవమంటే లేచాం, కూర్చోమంటే కూర్చున్నాం. కూర్చోవాలా అని నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనెప్పుడూ ఆలోచించలేదు. మీ జెరే గారిని ఒక గంట అలా కూర్చోబెట్టి చూడు, ఆయనకేమైనా తడుతుందేమో.

అలసిపోయాను తల్లీ. ఇవన్నీ మళ్ళీ తవ్వించకు.

అమ్మమ్మ

*

లిలోంగ్వే,
జూలై 27, ఆదివారం

ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను. "వాళ్ళకి చెల్లింది" దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. జెరే గారు మాత్రం నవ్వు మధ్యలో ఆగిపోయి, గుడ్డ తీసి తన నడుముకి చుట్టుకుని, వెనక్కి తిరిగి అద్దంలో చూసుకుని, ప్రెస్సుకి ఫోను చేశారు. ఇప్పుడు అంచు చుట్టూ చేటలే. నీళ్ళ డ్రమ్ములు కూడా బండెక్కాయి. "మీ అమ్మమ్మకి జీతం ఇవ్వాలి" అన్నారు.

అమ్మమ్మా, నువ్వు మాట్లాడినట్టు రాస్తావు. నేను మూడేళ్ళు చదువుకుని కూడా అలా రాయలేను. "మోకాళ్ళు నాతో మాట్లాడటం మానేశాయి" అన్న మాటని నా నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. మంచి మాట కనిపిస్తే ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. ఈ మధ్య అలాంటి రోజులు తక్కువ. రోజుకి నాలుగు సభలు, తిండి కార్లోనే, చల్లారిన మొక్కజొన్న సంకటి, ఎండు చేపలు. నిన్న అమ్మగారు ఉప్పునీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని, కుర్చీలోనే నిద్రపోయారు. నేను కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు తెరవకుండానే, "చదువు అమ్మాయ్, వింటున్నా. కాకపోతే పెద్ద మాటలు తీసేసి చదువు" అన్నారు.

పెద్ద మాటలు తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలడం లేదు, అదీ బాధ. అందుకే నిన్ను తవ్వుతున్నాను, కోప్పడకు. పన్నెండుమంది వరసకి ముందుండి నడిపించిన దానివి. ఒక రోజు ఉన్నట్టుండి మానేశావు. అమ్మని అడిగితే, "మోకాళ్ళ నొప్పులు" అంటుంది. అంతేనా? నాకు చెప్పవా?

నీ
తియమికే

*

ఫలోంబే,
ఆగస్టు 6

తియా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీకొక్కదానికే. మీ అమ్మకి కూడా తెలియదు.

పదకొండేళ్ళ క్రితం జొంబాలో పెద్ద సభ. లారీ పొద్దున్నే వచ్చింది. వరసకి పన్నెండుమంది ఉండాలి, తగ్గితే పార్టీ వాళ్ళు నా మీద అరుస్తారు. నాతో కలిపి పదకొండుమందిమే తేలాం. ఫలేసి రాలేదు. వెళ్ళి చూస్తే చాప మీద ముడుచుకుని ఉంది, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. "ఈ ఒక్కసారికి వదిలెయ్ ఎనిఫా" అంది.

"అధ్యక్షుడు నిన్ను పడుకోబెట్టి లెక్కపెడతాడా? లే" అన్నాను. తనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి పర్వాలేదనుకున్నాను. చెయ్యి పట్టుకుని లాగి, గుడ్డ నేనే చుట్టి, లారీ ఎక్కించాను. వెనక, తలుపు పక్కన. ముందు కూర్చోబెడితే గాలి ఎక్కువ కొడుతుందని.

తిరిగి వచ్చేటప్పుడు వాగు మీది వంతెన దగ్గర లారీ వెనక భాగం ఒరిగింది. పదకొండుమందిమి దెబ్బలతో లేచాం.

పార్టీ వాళ్ళు గుడ్డలు పంపారు, శవం మీద కప్పమని. వాటి మీద కూడా ఆ అధ్యక్షుడి ముఖమే. నేను తిరగేసి కప్పాను.

రూతికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, మిషన్ ఆసుపత్రిలో పనికి వెళ్ళింది. తల్లి సంతోషంగా పాడుకుంటూ లారీ ఎక్కిందని ఆ పిల్ల అనుకుంటుంది. నేనే అలా చెప్పాను. ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు, చాప దగ్గర మేమిద్దరమే ఉన్నాం, లారీలోవాళ్ళు తనకి నిద్ర తీరలేదనుకున్నారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నా దగ్గరకి వస్తుంది. నీళ్ళు తెస్తుంది. "మా అమ్మ నీకు ప్రాణం కదా పెద్దమ్మా" అంటుంది. ఈ ముక్కలు కూడా ఆ పిల్ల కళ్ళద్దాలే పెట్టుకుని రాస్తున్నాను. తను పక్కన మొక్కజొన్న కండెలు కాలుస్తోంది. తియాకి ఏం రాస్తున్నావు అని అడిగింది. మోకాళ్ళ గురించి అన్నాను.

చదివి చించెయ్.

అమ్మమ్మ

*

బ్లాంటైర్,
ఆగస్టు 17, ఆదివారం

ప్రియమైన, ప్రియమైన అమ్మమ్మకి,

నిన్నటి సభ గురించి నీకు చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు నోటుపుస్తకం తెరవలేదు. మూడో రోజు కూర్చుని రాశాను. నీ పేరు లేదు. ఫలేసి పేరు లేదు. ఊరి పేరు కూడా లేదు, ఒట్టు. అమ్మగారికి కూడా ఎవరి కథో చెప్పలేదు. కొండ కింద ఒక ఊరు, ఒక లారీ, పన్నెండుమంది ఆడవాళ్ళు, అంతే. జ్వరంతో కాలిపోతున్న మనిషిని చాప మీంచి లాగి, "అధ్యక్షుడు నిన్ను పడుకోబెట్టి లెక్కపెడతాడా?" అన్న వరస పెద్ద. వంతెన. తిరగేసి కప్పిన గుడ్డ.

అమ్మగారు ఆ కాగితం ఒక్కసారే చూసి, సభలో చూడకుండా చెప్పారు. మైదానంలో అన్ని వేలమంది ఉన్నారు కదా, చంటిపిల్లల ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు. చివర్లో ఆవిడ అన్నారు, "నా సభలకి ఎవరూ లారీలో రానక్కర్లేదు. నడిచి రాగలిగినవాళ్ళు రండి. రాలేనివాళ్ళు పడుకోండి. నేనే మీ దగ్గరకి వస్తాను." ఆడవాళ్ళు ఏడ్చారు, అమ్మమ్మా. రేడియోలో దేశమంతా విన్నారు. జెరే గారు నా భుజం పట్టుకుని ఊపేసి, "ఓట్లు తెచ్చే మాటలంటే ఇవీ!" అన్నారు. మొదటిసారి ఒక్క మాట కూడా కొట్టేయలేదు.

సెప్టెంబరు 6, శనివారం ఫలోంబే వస్తున్నాం. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. నీ మాటలు ఎంత దూరం వెళ్ళాయో నీ కళ్ళతో చూడాలి.

నీ
తియమికే

*

జొంబా,
ఆగస్టు 26

అమ్మమ్మకి,

జవాబు లేదు. ఉత్తరం నీ చేతికే ఇచ్చానంటున్నాడు డ్రైవరు. "ఏమన్నా అందా?" అంటే, "ఏమీ అనలేదు, వాకిట్లో ఒక్కతే కూర్చుంది" అన్నాడు. ఒంట్లో బాగాలేదా? రూతి చేత అయినా రెండు ముక్కలు రాయించు. మోకాళ్ళ విషయం కూడా ఇంకా తేలలేదు, వెళ్ళిన ప్రతి ఊళ్ళో అదే గొడవ. ఇప్పుడు జెరే గారు సగం వంగమంటున్నారు. సగం వంగితే నడుము పట్టేసినట్టుందని అమ్మగారు.

తియమికే

*

ఫలోంబే,
ఆగస్టు 30

తియమికే,

అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉంటాయి. కళ్ళద్దాలు లేవు. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అటక మీద ఉన్నాయి, చదవలేదు. చదవనక్కర్లేదు. రేడియోలో విన్నాను.

ఇద్దరం కందికాయలు వలుస్తున్నాం. రేడియో రూతిదే. "మీ తియా రాసింది వస్తుందేమో విందాం పెద్దమ్మా" అని తనే పెట్టింది. పన్నెండుమంది అనగానే నా చేతులు ఆగిపోయాయి. వంతెన అనగానే తన చేతులు ఆగాయి. ఊరి పేరు తీసేశానని నువ్వు అనుకుని ఉంటావు. ఈ కొండ కింద లారీ ఒరిగిన వంతెన ఎన్ని ఉన్నాయి తల్లీ?

రూతి అడిగింది, "అమ్మకి జ్వరమా?"

"అవును" అన్నాను.

"రానందా?"

"అంది."

"నువ్వు లాగావా?"

"లాగాను."

రేడియో కట్టేసింది. కళ్ళద్దాలు నా ముక్కు మీద ఉన్నాయి. రెండు చేతులతో మెల్లగా తీసుకుంది, నిద్రపోతున్న పిల్ల ఒంటి మీంచి ఏదో తీస్తున్నట్టు. తన చేట తను తీసుకుని వెళ్ళిపోయింది. వలిచిన గింజలు మాత్రం నాకే వదిలేసింది.

అరిచి ఉంటే బాగుండేది.

ఇప్పుడు సాయంత్రాలు ఎవరూ రారు. బావి దగ్గర నేను వెళ్తే మాటలు ఆగుతాయి. పదకొండేళ్ళు ఆ పిల్లకి అబద్ధం చెప్పింది నేను, నువ్వు కాదు. అది నాకు తెలుసు. కానీ ఎప్పుడో ఒక రోజు నా నోటితో నేను చెప్పాల్సిన మాట, మైకులో ఇంకెవరో చెప్పారు. చప్పట్లు కూడా వినిపించాయి.

నోటుపుస్తకంలో రాసుకో.

ఎనిఫా

*

జొంబా,
సెప్టెంబరు 3, బుధవారం

అమ్మమ్మా,

కళ్ళద్దాలు లేకుండా చదవగలగాలని ఇంత పెద్దగా రాస్తున్నాను. పేజీకి పది మాటలే పడుతున్నాయి. మందమైన పెన్ను కొన్నాను.

తప్పు చేశాను. చించెయ్ అన్నావు, చించలేదు. పేర్లు తీసేస్తే చాలనుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ మాటలు బాగున్నాయి, అందుకే వాడాను. అంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

అమ్మగారికి అంతా చెప్పాను. నీ చివరి ఉత్తరం ఇచ్చాను. నిన్ను అడగకుండా చేసే చివరి పని ఇదే. రెండుసార్లు చదివారు.

"ఇది నీకు నమ్మి చెప్పిన సంగతా?" అన్నారు.

"అవునండీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు చదవరని."

జెరే గారు గడియారం చూసి, "మేడమ్, శనివారం ఫలోంబే. ఇప్పుడు మానేస్తే ఆ జిల్లా పోయినట్టే. పైగా ఆ ముసలావిడ వేదిక మీదకొస్తే..." అన్నారు.

"జెరే, నోరు మూసుకో" అన్నారు అమ్మగారు. కోపంగా కాదు. అలసిపోయి. తర్వాత నాతో అన్నారు, "మీ అమ్మమ్మని అడుగు. రావద్దంటే రాను. రమ్మంటే ఎలా రావాలో కూడా ఆవిడనే చెప్పమను. ఊరూరా మోకాళ్ళ గురించి గొడవపడుతున్నాం, చివరికి ఒకరి ఇంటి మీద నిలబడి ప్రసంగం చేశాను."

ప్రసంగాలు రాయడం మానేశాను. కుర్చీలు సర్దుతున్నాను. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి నీ దగ్గరకి వస్తాను. తలుపు తీయకపోయినా వాకిట్లో కూర్చుంటాను.

తియమికే

*

ఫలోంబే,
సెప్టెంబరు 4, గురువారం సాయంత్రం

తియా,

నీ ఉత్తరం గుమ్మం దగ్గర పరిస్తే గుమ్మం నిండిపోయింది. రూతి కోళ్ళు కూడా వచ్చి చదివి వెళ్ళాయి. ఒక కోడి "తప్పు" మీద నిలబడింది చాలాసేపు.

కోపం ఉంది. తగ్గుతుంది. నువ్వు వచ్చాక తిడతాను, ఇప్పుడు కాగితం తక్కువ.

శనివారం మీ అమ్మగారు రావాలా వద్దా అన్నది చెప్పాల్సింది నేను కాదు. చనిపోయింది రూతి తల్లి. రూతిని అడగాలి. రూతి నాతో మాట్లాడితే నేనే అడుగుతాను. మాట్లాడకపోతే మీరు రావద్దు, గుడ్డలూ వద్దు, చేటలూ వద్దు.

జూలై నుంచి అడుగుతున్నావు, మోకరిల్లాలా వద్దా అని. నిన్న కందులు ఒక్కదాన్నే వలుస్తూ ఆలోచించాను. నా మోకాళ్ళు అరిగిపోయాయి, కానీ ఒక్కసారి కూడా నా అంతట నేను కూర్చోలేదు. ఎవరో కూర్చోమంటే కూర్చున్నాను. అందుకే నీకు జవాబు చెప్పలేకపోయాను. రేపు తెలుస్తుంది.

రూతి తెల్లవారగానే వాకిలి ఊడుస్తుంది. ఊడ్చిన చీపురు గీతల మీద కోడి నడిచినా ఊరుకోదు, అంత శుభ్రం. రేపు తను ఊడ్చి లోపలికి వెళ్ళగానే నేను వెళ్ళి ఆ గీతల మధ్య మోకాళ్ళ మీద కూర్చుంటాను. పెద్దదాన్ని, కూతురి వయసు పిల్ల ముందు అలా కూర్చోవడం ఈ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. చూడనీ. ఫలేసి చెయ్యి ఎలా లాగానో, తను ఏమందో, ఎలా నవ్విందో, లారీలో ఎక్కడ కూర్చోబెట్టానో అన్నీ చెబుతాను. ఆ నవ్వు సంగతి రేడియోలో రాలేదు. అది రూతికి రావాలి.

కూర్చోవడం కష్టం కాదు. ఈ మోకాళ్ళు మళ్ళీ తమంతట తాము లేవవు. లేపాల్సింది రూతే. లేపకపోతే అక్కడే ఉంటాను, పని ఏముంది నాకు.

ఈ ఉత్తరం రేపు పొద్దున బస్సులో బయలుదేరుతుంది. నీకు అందేసరికి అది అయిపోయి ఉంటుంది, ఆపడానికి నీకు వీలు లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. శుక్రవారం నువ్వు వచ్చేసరికి నేను రూతి వాకిట్లోనే కనిపిస్తే, పరిగెత్తుకొచ్చి నన్ను లేపకు. కంచె బయట నిలబడు. అంతే.

వెలుతురు ఉండగానే పడుకుంటున్నాను. మంచి గుడ్డ ఒకటి ఉతికి ఆరేశాను, ఎవరి ముఖమూ లేనిది. రేపు రూతి చీపురు చప్పుడు ఆగగానే బయలుదేరాలి.

అమ్మమ్మ